'వార్డ్ ఆఫ్' అనే ఇంగ్లీషు పలుకుబడి – తఖ్వా అనువాద సమస్య

దివ్యఖుర్ఆన్ తెలుగులోనికి రావటం మొదలై దాదాపు నూరు సంవత్సరాలైనది. చిలుకూరి నారాయణరావు గారు 1920లలో తొలి అనువాదాన్ని వెలువరించిన నాటినుండి నేటివరకు పలువురు విద్వాంసులు ఈ మహత్కార్యానికి పూనుకొన్నారు. వారి కృషి వలననే అరబ్బీ, ఉర్దూ రాని మన సోదరులు అల్లాహ్ గ్రంథాన్ని స్వయంగా చదువుకొనగలుగుతున్నారు. ఆ ఋణాన్ని అంగీకరిస్తూనే, అనువాదాల్లో అడుగడుగునా ఎదురయ్యే ఒక చిక్కును ఇక్కడ పరిశీలించదలచినాను. ఆ చిక్కు 'తఖ్వా' అనే పదానిది. అయితే పరిశీలనను అరబ్బీ నుండి గాక ఒక ఇంగ్లీషు పలుకుబడి నుండి ప్రారంభిస్తున్నాను. ఎందుకనగా ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాల్లో కళాశాల చదువు చదివిన ముస్లిం యువకులలో పలువురి చేతికి ముందుగా అందుతున్నది ఇంగ్లీషు అనువాదమే. దానిని చూచి దాని మాటకు తెలుగు మాట వెతుక్కొనే అలవాటు పెరుగుతున్నది. ఈ వ్యాసకర్త కూడ ఆ అలవాటుకు అతీతుడు కాడు.

ఆ ఇంగ్లీషు పలుకుబడి 'వార్డ్ ఆఫ్'.

పిక్తాల్ ఎన్నిక

మర్మడ్యూక్ పిక్తాల్ (1875–1936) మన తెలుగునాటికి పరాయివాడు కాడు. 1917లో ఇస్లాం స్వీకారాన్ని బహిరంగంగా ప్రకటించిన ఈ ఆంగ్ల నవలాకారుడు 1920లో బొంబాయి వచ్చి పత్రికా సంపాదకుడైనాడు. 1925లో హైదరాబాదు చేరి చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలకు ప్రధానాచార్యుడైనాడు. 1927లో ఆరంభమైన 'ఇస్లామిక్ కల్చర్' త్రైమాసికానికి సంపాదకత్వం వహించినాడు. నిజాం ప్రభుత్వం జీతంతో కూడిన సెలవునిచ్చి ప్రోత్సహించగా పూర్తయిన ఆయన ఖుర్ఆన్ అనువాదం 1930లో వెలువడినది.

అల్‌బఖరా సూరా రెండవ ఆయతులో ఈ గ్రంథం ఎవరికి మార్గదర్శకమో చెప్పబడినది: 'ముత్తఖీన్'కు. ఈ మాటకు పిక్తాల్‌కు పూర్వులు జార్జి సేల్ (1734) 'పుణ్యాత్ములు' అనే అర్థం వచ్చే మాటను, రాడ్‌వెల్ (1861) 'దైవభీతి గలవారు' అనే అర్థం వచ్చే మాటను వాడినారు. పిక్తాల్ ఈ రెంటినీ కాదని, ముత్తఖీన్ అనగా చెడును 'వార్డ్ ఆఫ్' చేసేవారు అని వ్రాసినాడు. 'చెడు' అనే మాట మూలంలో లేదు గనుక దానిని నిజాయితీగా కుండలీకరణాల్లో ఉంచినాడు. పుణ్యం, భయం అనే స్థితుల స్థానంలో ఒక పనిని నిలిపినాడు. చేయి ఎత్తి దెబ్బను అడ్డుకొనే పని అది. తరువాతి ప్రసిద్ధ అనువాదకులలో పలువురు ఆయనను ఈ విషయంలో అనుసరించలేదు. యూసుఫ్ అలీ భయాన్నే వాడినారు. ముహమ్మద్ అసద్ (1980) 'దైవస్పృహ' అనే భావాన్ని తెచ్చినారు. కనుక పిక్తాల్ మాట దాదాపు ఒంటరిగా మిగిలిపోయినది. ఒంటరి మాట తప్పు మాట కావలసిన పని లేదు. అది ఎక్కడినుండి వచ్చినదో చూడవలసి ఉన్నది.

'వార్డ్' నడిచిన దారి

'వార్డ్' ఇంగ్లీషువారి అతి ప్రాచీన పదాలలో ఒకటి. దాని మూలార్థం కాపలా కాయటం. ఇదే మూలధాతువు జర్మానిక్ భాషలనుండి ఫ్రెంచిలోనికి పోయి, 'వ'కారం 'గ'కారంగా మారి, 'గార్డ్' అనే రూపంతో ఇంగ్లీషుకు తిరిగి వచ్చినది. అనగా వార్డు, గార్డు కవల పదాలు. మన అంగళ్ళలో నిత్యం వినబడే వారంటీ, గ్యారంటీ కూడ ఇటువంటి కవలలే.

ఈ పదం మనకు కొత్త కాదు. ఆసుపత్రి వార్డు, తాడేపల్లిగూడెం పురపాలక సంఘపు వార్డు, వసతిగృహపు వార్డెను — అన్నింటిలోను ఉన్నది ఈ కాపలాయే. పూర్వం నగరంలో ఒక్కొక్క కావలి పరిధి ఒక్కొక్క వార్డు. మదరాసు ప్రభుత్వం 1804లో చేసిన రెగ్యులేషను ప్రకారం, తండ్రి చనిపోయి మైనరుగా మిగిలిన జమీందారు కుమారుడు 'వార్డు'. అతని ఆస్తిని కాచేది 'కోర్ట్ ఆఫ్ వార్డ్స్'. రైల్వేలలో భద్రతా దళం ఏర్పడక పూర్వం సామాను కాచిన శాఖ పేరు 'వాచ్ అండ్ వార్డ్'. ఈ ఉదాహరణలన్నింటిలోను పాఠకులు ఒక విషయం గమనించగలరు. క్రియకు కర్మగా ఉన్నది కాపాడబడే వస్తువు: రోగి, నగరం, పసివాడు, సామాను.

పదహారవ శతాబ్దం నాటికి కత్తిసాములో ఈ పదానికి మరొక అర్థం స్థిరపడినది. ఎదుటివాని వేటును తప్పించుకొనటానికి కత్తిని నిలిపే భంగిమ 'వార్డ్' అయినది. అక్కడినుండి వేటును తప్పించటం కూడ 'వార్డ్' చేయటమే అయినది. క్రమంగా దానికి 'ఆఫ్', అనగా 'దూరంగా', అనే చిన్న మాట తోడై పద్దెనిమిదవ శతాబ్దానికి 'వార్డ్ ఆఫ్' బాగా వాడుకలో నిలిచినది. ఇప్పుడు క్రియకు కర్మ మారిపోయినది. పూర్వం మనిషిని కాచేవారు. ఇప్పుడు వేటును తోసివేస్తున్నారు. కాపాడబడే వాడు వాక్యం నుండి తప్పుకొన్నాడు, హాని వచ్చి అతని స్థానంలో కూర్చున్నది. ఇది చిన్న మార్పుగా కనబడుతుంది గాని, మన సమస్య అంతా ఇక్కడనే ఉన్నది.

అరబ్బీ మూలం

తఖ్వా పదానికి ధాతువు వావ్, ఖాఫ్, యా. దాని మూల క్రియ 'వఖా', అనగా కాపాడెను. దానికి ఇఫ్తిఆల్ రూపం 'ఇత్తఖా', అనగా తన్ను తాను కాపాడుకొనెను. తెలుగు వ్యాకరణం తెలిసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. మనకు 'కాచు'కు, 'కాచుకొను'కు ఎంత భేదమున్నదో, వఖాకు ఇత్తఖాకు అంత భేదమున్నది. క్రియాఫలం కర్తకే చేరుతుందని 'కొను' చెప్పినట్లే, అరబ్బీలో ఆ నడిమి తకారం చెబుతుంది. ఇంగ్లీషు క్రియకు ఈ సౌకర్యం లేదు.

ఈ భౌతికార్థం ఖుర్ఆన్‌లోనే సజీవంగా ఉన్నది. అన్నహ్ల్ సూరా 81వ ఆయతులో వేడినుండి, యుద్ధపు దెబ్బనుండి కాపాడే వస్త్రాల ప్రస్తావనలో వచ్చేది ఈ ధాతువే. అజ్జుమర్ సూరా 24వ ఆయతులో ప్రళయదినాన ఒకడు ఘోరశిక్షను తన ముఖంతో అడ్డుకొనవలసి వచ్చే దృశ్యం ఉన్నది; అక్కడ ప్రయోగించబడినది ఇత్తఖాయే. చేతులు అడ్డుపెట్టుకొనటానికి కూడ వీలులేని దుస్థితి అది. కనుక ముత్తఖీ అనగా దెబ్బను కాచుకొనేవాడు అని పిక్తాల్ గ్రహించటం ఊహ కాదు, ఖుర్ఆన్ ప్రయోగమే దానికి ఆధారం.

అయితే అత్తహ్రీమ్ సూరా 6వ ఆయతు చూడండి. విశ్వాసులు తమను, తమ కుటుంబాలను నరకాగ్నినుండి కాపాడవలసిందని ఆజ్ఞ. అక్కడ వచ్చినది ఇత్తఖా కాదు, మూల క్రియ వఖా. దాని మొదటి కర్మ 'మీరు, మీ కుటుంబం', అగ్ని రెండవది. పిక్తాల్ ఇక్కడ కూడ 'వార్డ్ ఆఫ్' అనే వ్రాసినాడు. ఫలితంగా అగ్ని మొదటి కర్మ అయినది, కుటుంబం వెనుకకు పోయినది. అంతేగాక వఖా, ఇత్తఖాల భేదం, అనగా ఇతరులను కాచటానికి తన్ను తాను కాచుకొనటానికి గల భేదం, ఇంగ్లీషు పాఠకునికి కనబడకుండా పోయినది. ఇది ఆ పలుకుబడిలోని మొదటి లోపం.

రెండవ లోపం పిక్తాల్‌కే తెలుసు. అల్లాహ్ కర్మగా వచ్చే 'ఇత్తఖుల్లాహ్' వంటి చోట్ల 'వార్డ్ ఆఫ్' పనికిరాదు. ప్రభువును ఎవరు తోసివేయగలరు! అందుచేత అటువంటి తావుల్లో ఆయన దానిని విడిచి, దేవుని యెడల కర్తవ్యాన్ని గూర్చి జాగ్రత్త వహించండి అనే అర్థం వచ్చే మాటలు వాడినాడు. ఒకే అరబ్బీ పదం రెండు ఇంగ్లీషు మాటలుగా చీలిపోయినది. చదివేవానికి ఇవి రెండూ ఒకటే అని తెలిసే దారి లేదు.

ఒక రంజాన్ అనుభవం

ఈ చర్చ పండితుల వినోదం కాదని చెప్పటానికి నా పొరపాటునే ఉదాహరిస్తాను. కొన్ని సంవత్సరాల క్రిందట రంజాన్ నెలలో తాడేపల్లిగూడెంలో కొందరు యువకులకు అల్‌బఖరా 183వ ఆయతు, అనగా ఉపవాసాల విధింపు, వివరిస్తున్నాను. మీరు తఖ్వా పొందటానికి ఉపవాసం విధించబడినదని ఆయతు భావం. వారి ముందు ఉన్నది పిక్తాల్ గ్రంథం. దానిని చూచి, ముత్తఖీ అనగా 'చెడును పారదోలేవాడు' అని తెలుగు చేసినాను. ఒక విద్యార్థి వెంటనే ఉత్సాహంగా అడిగినాడు: అయితే ఉపవాసం ఉండనివారు ఎవరెవరో కనిపెట్టి, వారిని నిలదీయటానికి మనం ఒక జట్టుగా ఏర్పడవద్దా అని. మిగిలినవారు తలలు ఊపినారు. అతని తర్కంలో తప్పు లేదు. చెడును పారదోలాలంటే చెడు ఎక్కడున్నదో వెతకాలి. వెతికితే అది ఎప్పుడూ పక్కింట్లోనే కనబడుతుంది.

ఆ సభలో కొల్లేటి లంక గ్రామం నుండి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. చేపల చెరువుకు రాత్రి కావలి ఉండటం ఆయన వృత్తి. ఆయన నెమ్మదిగా అన్నారు: “పారదోలడం కాదేమోనండి మౌల్వీ సాబ్. మేం రాత్రుళ్ళు గట్టు మీద పడుకునేది నీళ్ళని పారదోలడానికి కాదండి, గట్టు కాచుకోడానికండి.”

నేను మదరసాలో చదివిన సర్ఫ్ పుస్తకం ఆ క్షణంలో గుర్తుకు వచ్చినది. ఇత్తఖాకు సరియైన తెలుగు మాట ఆయన నోట ఉన్నది, నా నోట లేదు. నేను అరబ్బీ ఆయతుకు కాక, ఇంగ్లీషు 'ఆఫ్'కు తెలుగు చేసినాను.

నా అనువాదం ఖుర్ఆన్‌కే విరుద్ధమని తరువాత మరింత స్పష్టమైనది. అల్‌హుజురాత్ సూరా 12వ ఆయతు అనుమానాలను, ఇతరుల గుట్టు వెదకటాన్ని, పరోక్షనిందను నిషేధించి, వెంటనే తఖ్వా వహించండని ఆజ్ఞాపిస్తున్నది. అనగా ఇతరుల తప్పులు వెదకకుండా ఉండటమే అక్కడ తఖ్వా. మహాప్రవక్త (స) తఖ్వా ఇక్కడ ఉన్నది అంటూ మూడుసార్లు తమ హృదయం వైపు చూపినట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది; సాటి ముస్లింకు అన్యాయం చేయరాదు, అతనిని హీనంగా చూడరాదు అనే బోధ నడుమ ఆ మాట వచ్చినది. మంచిని ఆదేశించటం, చెడును వారించటం వేరే విధి. దానికి వేరే పేరు, వేరే మర్యాదలు ఉన్నాయి. ఆ విధిని తఖ్వా పేరుతో కలిపివేస్తే రెండూ చెడిపోతాయి.

'భయభక్తులు' చాలునా?

తెలుగు అనువాదాల్లో తఖ్వాకు ఎక్కువగా కనబడే మాటలు 'భయభక్తులు', 'దైవభీతి'. ఉర్దూలోను ఈ సంప్రదాయం ఉన్నది. షా అబ్దుల్ ఖాదిర్ దెహల్వీ (రహ్మ) భయాన్ని సూచించే మాటనే వాడినారు. మౌలానా మౌదూదీ (రహ్మ) 'పరహేజ్‌గార్' అన్నారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో వైద్యుడు చెప్పే పథ్యానికి కూడ పరహేజ్ అనే అంటారు గనుక, ఆ మాటలో తన్ను తాను అదుపులో ఉంచుకొనే గుణం కొంత నిలిచినది.

'భయభక్తులు' చక్కని తెలుగు సమాసం. తెలుగు బైబిలు కూడ దానిని వాడినది గనుక, మన క్రైస్తవ సోదరులకు సైతం అది పరిచితమే. ఇమామ్ రాగిబ్ ఇస్ఫహానీ తమ 'ముఫ్రదాత్'లో చెప్పినదేమనగా, తఖ్వా అనగా భయపడే దానినుండి తన్ను తాను రక్షణలో ఉంచుకొనటం. కారణాన్ని కార్యం పేరుతో, కార్యాన్ని కారణం పేరుతో పిలిచే వాడుకను బట్టి భయానికి తఖ్వా అని, తఖ్వాకు భయమని పేరు వచ్చినది. కనుక భయం అనటం తప్పు కాదు. కాని భయం మొదటి మెట్టు మాత్రమే. వరద వస్తుందని భయపడి ఇంట్లో ముడుచుకొని కూర్చున్నవాడు, వరద వస్తుందని భయపడి లాంతరు తీసుకొని గట్టు మీదికి పోయినవాడు, ఇద్దరూ భయపడినవారే. ముత్తఖీ రెండవవాడు.

ఇంకొక చిక్కు ఉన్నది. తెలుగులో భయభక్తులు పెద్దల ఎదుట కనబరచే వినయం. విద్యార్థి గురువు ఎదుట, చిన్నవారు ఇంటి పెద్ద ఎదుట భయభక్తులతో ఉంటారు. పెద్దలు లేచిపోగానే నడుము వాలుతుంది. తఖ్వాకు ఆ వెసులుబాటు లేదు. హజ్రత్ ఉమర్ (రజి) అడిగిన ప్రశ్నకు హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి) ఇచ్చిన వివరణను ఇమామ్ ఇబ్నె కసీర్ తమ తఫ్సీరులో ఉదహరించినారు. ముళ్ళదారిలో నడిచేటప్పుడు ఏం చేస్తారని ఉబై అడిగితే, బట్టలు దగ్గరకు తీసుకొని శ్రమపడి నడుస్తానని ఉమర్ అన్నారు. అదే తఖ్వా అని ఉబై అన్నారు. తుమ్మముళ్ళ గట్టు మీద పంచె ఎగగట్టి నడిచే మనవారికి దీనికి వ్యాఖ్యానం అవసరం లేదు. 'ఒళ్ళు దగ్గర పెట్టుకొని నడు' అని మన పెద్దలు అనేది ఇదే భావంతో. ముళ్ళకంపను ఎవరూ పారదోలలేదు. బట్ట చినగకుండా కాచుకొన్నారు.

కొల్లేటి గట్టు నేర్పిన మాట

'వార్డ్ ఆఫ్'లోని మూడవ లోపాన్ని కొల్లేటి ప్రాంతం వారు పుస్తకం లేకుండానే ఎరుగుదురు. 'ఆఫ్' అనగా దూరంగా. తోసివేసిన హాని ఎక్కడికి పోతుంది?

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏరులు నీరు తెస్తాయి. ఉప్పుటేరు ఒక్కటే ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. 1970ల తరువాత సరస్సులో చేపల చెరువులు పెరిగినవి. ప్రతి చెరువుకు గట్టు. ఎవరి గట్టు వారి చెరువును కాచినది. అయితే నీరు పరుచుకొనవలసిన చోటు తగ్గి, వరద పొరుగు ఊరి పొలాల మీదికి మళ్ళినది. 1999లో సరస్సును ఐదవ కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించి, 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరున ఆ హద్దులోని గట్లను కొట్టివేసినారు. అందులో జీవనాధారం కోల్పోయిన పేదలు ఉన్నారు, వారి బాధ న్యాయమైనదే. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలో అనేక పేటలు మునిగినవి. ఆ నీరు చివరకు వచ్చి చేరినది కొల్లేటికే, లంకల దారులు మునిగినవి. ఒక చోట తోసివేసిన నీరు మరొక చోట తేలుతుందని ఇక్కడివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

తనకు రావలసిన హానిని పొరుగువాని మీదికి తోయటం ఇంగ్లీషు వ్యాకరణం ప్రకారం 'వార్డ్ ఆఫ్' కావచ్చును. అది తఖ్వా కానేరదు. మహాప్రవక్త (స) అగ్నినుండి మిమ్మల్ని మీరు కాపాడుకొనండి, ఖర్జూరపు ముక్క ఇచ్చి అయినా సరే అని బోధించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్నది. అక్కడ క్రియ ఇత్తఖాయే. అడ్డుపెట్టుకొనే డాలు ఏమిటి? ఆకలిగొన్నవానికి ఇచ్చిన అరముక్క ఖర్జూరం. కాచుకొనేవాని చేతినుండి పొరుగువానికి చేరుతున్నది హాని కాదు, ఆహారం. ఈ ఒక్క హదీసు 'ఆఫ్' అనే మాటకు సమాధానం చెబుతున్నది.

ఏ మాట వాడవలె?

పిక్తాల్ చేసిన మేలు గొప్పది. తఖ్వా ఒక పని అని, డాలు పట్టిన చేయి అని ఇంగ్లీషు పాఠకునికి ఆయన చూపినంత స్పష్టంగా మరొకరు చూపలేదు. ఆయన భాష ఆయనకు ఇచ్చిన క్రియ మాత్రం హానివైపు తిరిగి ఉన్నది. మన భాష మనకు ఇచ్చిన క్రియ మనవైపు తిరిగి ఉన్నది. దెబ్బ కాచుకొనటం, మాట కాచుకొనటం, గట్టు కాచుకొనటం అన్నీ తెలుగే. 'కాచుకో!' అని ఎదుటివానిని హెచ్చరించటం కూడ తెలుగే.

అయితే 'కాచుకొను'కు పొంచి ఉండటం, ఎదురుచూడటం అనే అర్థాలు కూడ ఉన్నాయి. 'అల్లాహ్ నుండి కాచుకోండి' అంటే ప్రభువు శత్రువైనట్లు ధ్వనిస్తుంది. కనుక నా సూచన ఇది. హాని ప్రస్తావన ఉన్నచోట, లేక కర్మ ఏదీ చెప్పని చోట, 'తమ్ము తాము కాచుకొనేవారు' అనవలె. అల్లాహ్ కర్మగా ఉన్నచోట 'అల్లాహ్ యెడల భయభక్తులతో మిమ్మల్ని మీరు కాచుకోండి' అని రెండూ కలుపవలె. మాటలు పెరిగినా ఒకే పదమనే సంగతి నిలుస్తుంది. వఖా వచ్చిన చోట 'కాపాడండి' అనవలె. బోధనలో 'తఖ్వా' అనే మూలపదాన్నే నిలుపుకొని, మొదటిసారి వచ్చినప్పుడు ఈ అర్థాన్ని విడమరచవలె. నమాజు, జకాతు తెలుగువారి మాటలైనట్లే తఖ్వా కూడ కాగలదు.

పెద్దలైన అనువాదకులు నా సూచనలో లోపముంటే దిద్దవలసినదిగా ప్రార్థన. ఆ తాడేపల్లిగూడెం విద్యార్థికి మరుసటి వారం నా తప్పును ఒప్పుకొని, ఆయతును తిరిగి వివరించినాను. అతడు జట్టు సంగతి మరల ఎత్తలేదు. ఉపవాసం నోటికి మాత్రమేనా, కళ్ళకు, చెవులకు కూడనా అని అడిగినాడు. ఈ ప్రశ్న ఇంటిలోపలికి తిరిగినది. సరియైన మాటకు ఇంతకంటె నిదర్శనం నేను కోరను.

అల్లాహ్ మన నాలుకలను, కలాలను పొరపాటునుండి కాపాడి, మనలను తమ్ము తాము కాచుకొనేవారిలో చేర్చుగాక! ఆమీన్.